మా నాయనగారి లెక్కలు

పావగడ తాలూకాను పటములో చూచినవారికి అది కర్ణాటకమున ఉన్నదా, ఆంధ్రమున ఉన్నదా అను సందేహము కలుగుట సహజము. మూడు ప్రక్కలను ఆంధ్రదేశమే. తుమకూరు జిల్లాలోని తాలూకాయే అయినను, మధుగిరి మీదుగా తుమకూరు పోవు బస్సు నడుమ కొంతదూరము మడకశిర సీమలో నడచి మరల కర్ణాటకమున ప్రవేశించును. పూర్వము మడకశిర మద్రాసు రాజధానిలోనిది, పావగడ మైసూరులోనిది. 1953 అక్టోబరు 1న మడకశిర ఆంధ్రరాష్ట్రములో చేరినది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడును పావగడ మైసూరులోనే నిలిచినది. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. 2022లో ఆ వైపు సీమ అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లా అయినది. ఇన్ని మార్పులు జరిగినను మా పల్లెలలో పెక్కిండ్ల పొయ్యి దగ్గరి మాట తెలుగుగానే ఉన్నది. బడిలో, కచేరీలో, కోర్టులో కన్నడము; తిట్టుటకును, దీవించుటకును, బేరమాడుటకును తెలుగు.

అట్టి తాలూకాలో పుట్టి, జీవితములో పెద్దభాగము డబ్బు లెక్కలు వ్రాయుటలో గడపిన మా తండ్రిగారినిగూర్చి వ్రాయుటకు పూనుకొంటిమి. మేము నలుగురము తోబుట్టువులము. చేవ్రాత ఒకరిదే అయినను జ్ఞాపకములు నలుగురివి. కావున ఇందులోని ‘మేము’ అను మాట పెద్దరికము కొరకు వాడినది కాదు, లెక్కకు సరిపోవు బహువచనమే. లెక్క సరిగా లేనిచో ఆయన ఊరకుండెడివారు కారు.

వారు 1934లో నాగలమడక ప్రాంతమున, పెన్న ఒడ్డునకు సమీపమైన పల్లెలో జన్మించిరి. నాగలమడక సుబ్రహ్మణ్యస్వామి తేరునకు రెండు రాష్ట్రముల జనమును వచ్చుదురు. ఆ తేరు నాటి అంగళ్ళలోనే తాము కూడికలు నేర్చితిమని ఆయన చెప్పెడివారు. మా తాతగారు ఊరి శానుభోగులు. అమ్మగారి తండ్రి సరిహద్దునకు ఆవల ఒక గ్రామమునకు కరణము. పని ఒక్కటే, పేర్లు వేరు. ఈవల శిస్తు లెక్కలు కన్నడమున, ఆవల తెలుగున. పెండ్లి మాటలకు కూర్చున్నప్పుడు వియ్యంకు లిరువురును ముందు వరకట్నము మాట ఎత్తక, తమ తమ గ్రామముల ఖుష్కి శిస్తు రేట్లు పోల్చి చూచుకొనిరని మా అవ్వ నవ్వుచు చెప్పెడిది. మైసూరులో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు 1961 నాటి చట్టముచే రద్దయినవి. ఆంధ్రదేశమున కరణీకము 1984లో పోయినది. తాతగారు కడపటి దినములలో దస్త్రపు మూటను తాలూకా కచేరీలో అప్పగించి వచ్చి, “ఇంక మనది కాదు” అని మాత్రము అనిరట.

అప్పటికే మా నాయన బ్యాంకులో చేరియుండిరి. 1956లో మైసూరు బ్యాంకున గుమాస్తాగా ప్రవేశించిరి. ఆ బ్యాంకు 1913లో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్న కాలమున స్థాపితమైనది. విశ్వేశ్వరయ్యగారి పెద్దలు ఆంధ్రదేశములోని మోక్షగుండమునుండి వలసపోయినవారను సంగతిని మా నాయన ఎంతయో ప్రీతితో చెప్పెడివారు. అయితే వెంటనే, “ఆయన పెట్టినది తెలుగువారి కొరకు కాదు, మైసూరు ప్రజల కొరకు, మనము మైసూరు ప్రజలమే గదా” అని చేర్చెడివారు. ఈ రెండు వాక్యములను ఎన్నడును విడదీసి చెప్పలేదు. 1960లో ఆ బ్యాంకు స్టేటు బ్యాంకు అనుబంధ సంస్థలలో నొకటి అయినది. నాయన గుమాస్తానుండి లెక్కల అధికారి, అటుపిమ్మట శాఖాధికారి అయి, తుమకూరు చుట్టుపట్ల శాఖలలో తిరిగి తిరిగి, మూడు పర్యాయములు పావగడకే వచ్చి 1994లో విశ్రాంతి తీసికొనిరి.

ఉద్యోగపు తొలి సంవత్సరమునందే ఆయనకు మంచి పరీక్ష తటస్థించినది. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. అంతవరకు రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు పైలు. ఇప్పుడు రూపాయికి నూరు. అణాకు ఆరు నయాపైసలు, రెండణాలకు పండ్రెండు, మూడణాలకు పందొమ్మిది, నాలుగణాలకు ఇరువదియైదు అని పట్టిక అచ్చువేసి గోడలకు అంటించిరి. సంతలో తమలపాకులు అమ్ము ముసలమ్మ ఒకతె అణాకొక కట్ట చొప్పున నలుగురికి నాలుగు కట్టలు అమ్మి, ఇరువది నాలుగు పైసలు పట్టుకొని బ్యాంకుకు వచ్చినదట. “పావలాకు ఇరవై అయిదంటిరి గదా సామీ, నా ఒక్క పైస యాడికి పాయె?” అని ఆమె ప్రశ్న. గోడమీది పట్టిక చూపిన ప్రయోజనము లేదు, ఆమెకు చదువు రాదు. నాయన ఆమెను కూర్చుండబెట్టి, అణా అనగా నిజమునకు ఆరుంబావు పైసలనియు, పావు పైసను ముద్రింపలేదనియు, నాలుగు పావులు కలిసి ఆమె ఒక్క పైస అయినదనియు చింతగింజలతో చూపిరి. “నలుగురికి విడివిడిగా అమ్మితే నీకు నష్టం, ఒక్కనికే నాలుగు కట్టలు అమ్మితే సరిపోతుంది” అని సలహా చెప్పిరి. ఆమె ఆ దినమునుండి విడికట్ట అమ్ముట మానినదో లేదో తెలియదు గాని, తరువాత చాల ఏండ్లు మా ఇంటికి ఆకులు మాత్రము ఆమెయే తెచ్చెడిది.

ఈ ఆకుల కథను మేము వినోదముగా చెప్పుకొందుము. వడ్డీ కథ వినోదము కాదు.

మా సీమ మెట్టసీమ. వాన వచ్చిన చెనిక్కాయ, రానిచో వలస. విత్తనపు కాయకు అప్పు చేయని రైతు ఆ దినములలో అరుదు. ఊరిలో వడ్డీని నెలకు నూటికి ఇంత అని చెప్పుకొందురు. షావుకారు ‘రెండు రూపాయల వడ్డీ’ అనును, రైతు తల ఊపును. బ్యాంకులో వడ్డీ సంవత్సరమునకు నూటికి ఇంత అని వ్రాయబడును. ఆ కాగితముపై ‘తొమ్మిది’ అని ఉన్నదని ఎవరైనను చదివి చెప్పిన, రైతు బెదరి లేచిపోవును. రెండు ఎక్కడ, తొమ్మిది ఎక్కడ! ఇరువది నాలుగును తొమ్మిదిని పోల్చుచున్నామని చెప్పువారు లేరు. కాగితము కన్నడమున, లేదా ఇంగ్లీషున ఉండెను. వినువాడు తెలుగువాడు. ఈ నడిమి సందులో షావుకారులు బ్రతికిరి.

నాయన చేసిన పని మిక్కిలి చిన్నది. తొమ్మిదిని పండ్రెండుతో భాగించి ‘ముప్పావలా’ అని చెప్పెడివారు. “షావుకారిది నెలకు రెండు రూపాయలు, ఇక్కడ ముప్పావలా” అనుటతో రైతు ముఖము మారెడిదట. నూరు రూపాయలు విత్తనమునకు తీసికొని ఎనిమిది నెలలకు తీర్చినచో అక్కడ పదునారు రూపాయలు, ఇక్కడ ఆరు. మిగిలిన పది రూపాయలు ఆ కాలమున ఇంటిల్లిపాదికి బట్టల మాట. బ్యాంకుకు ‘ముప్పావలా బ్యాంకు’ అని కొన్ని పల్లెలలో పేరు వచ్చినదని చెప్పెడివారు. వడ్డీరేట్లు తరువాత ఎన్నిసార్లో మారినవి, పేరు కొంతకాలము నిలిచినది. 2011 జూన్ 30తో పావలా నాణెము చెల్లుబాటు పోవుట చూచి, “నా మూడు పావలాలను సర్కారువారు తీసికొనిపోయిరి” అని ఆయన పరిహాసమాడిరి.

అప్పు పత్రము మీద వేలిముద్ర వేయించుటకు ముందు దానిని మొదటినుండి తుదివరకు తెలుగున చదివి వినిపించుట ఆయన నియమము. ఎదుట కన్నడ కాగితము, నోట తెలుగు. రెండు లిపులును ఒక్క తల్లి బిడ్డలే కాబట్టి కన్ను తడబడదు గాని, ‘జామీనుదారు’ అను మాటను ఊరక చదివిన లాభము లేదు. “వాడు కట్టకపోతే నువ్వు కట్టాల, నీ ఇంటికి వస్తారు, నీ చేను మీదికి వస్తారు” అని విప్పి చెప్పవలెను. ఆ దినములలో శనివారము బ్యాంకు మధ్యాహ్నము వరకే ఉండెడిది. శనిమహాత్ముని గుడికి వచ్చిన జనమే ఆ పూట బ్యాంకు పనులును చూచుకొనెడిది. వరుసలో నిలిచినవారు, “అయ్యవారు పురాణం మొదలుపెట్టినారు” అని విసుగుకొనెడివారు. ఆయన తల ఎత్తక చదువుచునే ఉండెడివారు.

ఒక పర్యాయము ఒక వితంతువును ఆమె బావగారి కొడుకులు వెంటబెట్టుకొని వచ్చిరి. సాక్షి వేలిముద్ర అని ఆమెకు చెప్పిరట. నాయన చదువగా తెలిసినది, అది సాక్షి కాదు, జామీను. ఆమెకున్న మూడెకరముల మెట్టయే ఆధారము.

“ఏమమ్మా, అర్థమాయెనా?”

“నేనే కట్టాలన్న మాటనా సామీ?”

“వీండ్లు కట్టకుంటే నువ్వే.”

ఆమె చేయి వెనుకకు తీసికొనినది. “అట్లయితే నాకొద్దు సామీ” అని లేచినది. వారి కోపము ఆమెపై కాక మా నాయనపైకి మరలినది. తరువాత కొన్నాళ్ళు ఆ ఊరి మీదుగా పోవునప్పుడు బస్సులో ఆయనకు కూర్చుండ చోటీయలేదని విన్నాము. ఇంట అమ్మ మందలింపగా, “కోపం రేపు తగ్గుతుంది, జామీను తగ్గదు” అనిరి. భాషావిషయకముగా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగము ఇచ్చిన రక్షణలను మన సభలలో పలుమారు పేర్కొందుము. 350-ఎ అధికరణము పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య గూర్చి చెప్పుచున్నది. అది ఉండవలసినదే. కాని బడి మెట్టు ఎక్కని ఆ ముసలి చేతికి కావలసిన రక్షణ ఆ పూట తెలుగున చదివిన నాలుగు పంక్తులే అయినవి. ఇట్టి రక్షణను ఏ అధికరణమును ఈయజాలదని మా అభిప్రాయము. ఆ బల్ల వెనుక కూర్చున్న మనిషి ఈయవలెను.

ఆయన కన్నడమును తక్కువ చేసిన దినము లేదు. కన్నడపు ఉత్తరములు ఆయన వ్రాసినంత శుద్ధముగా వ్రాయువారు ఆ శాఖలలో కొలదిమందియే యని తోటి ఉద్యోగులు చెప్పగా విన్నాము. మేము నలుగురమును కన్నడ బడులలోనే చదివితిమి. అయితే రాత్రి భోజనమునకు ముందు తెలుగు పత్రిక ఒక పుట బిగ్గరగా చదువవలెను. పత్రిక హిందూపురమునుండి ఒకనాడు ఆలస్యముగా వచ్చెడిది. “వార్త పాతదైనా అక్షరం కొత్తదే” యని ఆయన సమాధానము. ఒత్తు తప్పినచో మరల మొదటినుండి. మా చిన్నతమ్ముడు ఆకలికి ఓర్వలేక ఒత్తులన్నియు రెట్టింపు చేసి చదివెడివాడు. అప్పుడు నాయన నవ్వు ఆపుకొనలేక భోజనమునకు లెమ్మనెడివారు. బదిలీమీద ఒంటరిగా ఉన్న కాలమున వారమునకొక కార్డు వ్రాసిరి. నలుగురికి ఒకే కార్డు, నాలుగు భాగములుగా గీతలు గీసి. ఎవరి భాగము వారే చదువవలెను. ఇతరుల భాగము చదువుట నేరము. అది ఎల్లరమును చేసెడివారము.

ఇంటి జమాఖర్చుల పుస్తకము వేరుగా ఉండెను. ప్రతి ఉగాదికి క్రొత్తది, అంచులకు పసుపు పూసి, తెలుగు అంకెలతో మొదలిడెడివారు. బ్యాంకు పుస్తకములలో కానరాని మా తండ్రి ఆ పుస్తకములలో కానవచ్చును. ‘పెద్దమ్మాయికి పలక’, ‘నాగలమడక తేరు, బొరుగులు’, ‘అత్తగారికి కంటి మందు’, ‘వాన రెండు పదునులు’ — చివరిదానికి ఎదుట సొమ్ము ఉండదు. వానను జమ వైపున వ్రాసెడివారు. సొమ్ము గడి ఖాళీగా విడిచెడివారు.

ఆ పుస్తకములోనే మరియొక ఖర్చు కలదు. 1969లో మొదలై ప్రతినెల మొదటి వారమున ‘సంతకము బాకీ — 40’ అని ఉన్నది. చిన్నతనమున మేము దానిని ఏదో పన్ను అనుకొంటిమి. పెద్దయిన తరువాత అమ్మ చెప్పినది. చెనిక్కాయ వ్యాపారి, ఇంటికి రాకపోకలున్న స్నేహితుడు, ఒక ప్రయివేటు వడ్డీవ్యాపారి దగ్గర 1,800 రూపాయలు తీసికొనుచు నాయనను జామీను అడిగెను. నాయన సంతకము చేసిరి. ఆ ఏడు ధర పడిపోయినది. స్నేహితుడు ఒక రాత్రి కుటుంబముతో ఊరు విడిచెను. వితంతువునకు తెలుగున చదివి వినిపించిన మనిషి తాను మాత్రము చదువక సంతకము చేసిరా? చదివియే చేసిరి. తెలిసియే చేసిరి. అందుకే ఎవరిని అనుటకును ఏమియు లేకపోయినది.

ఆ బాకీ వరుసలను ఇటీవల కూడి చూచితిమి. 54 నెలలు, 2,160 రూపాయలు. అమ్మ బంగారు గాజుల జత మొదటి నెలలలోనే పోయినది. తమ శాఖలో కుదువపెట్టుట తగదని, హిందూపురము పోయి అమ్మి వచ్చిరి. దీనిమీద అమ్మ ఎన్నడును గొప్పగా మాటాడలేదు, త్యాగమని చెప్పుకొనలేదు. “సంతకం పెట్టేటప్పుడు నన్నడగలేదు, కట్టేటప్పుడు అడిగినారు” అని ముప్పది ఏండ్ల తరువాత కూడ అనెడిది. ఆయన ఎదుటనే అనెడిది. ఆయన మారు పలుకక పుస్తకములో ముఖము దాచుకొనెడివారు. మా ఇంట ఆయనను ఓడించు వాక్యము అదొక్కటే.

1986లో ఆ స్నేహితుని కుమారుడు వెదకికొని వచ్చి 1,800 రూపాయలు బల్లమీద పెట్టెను. తండ్రి గతించుచు చెప్పెనట. వడ్డీ లెక్కలలో పండిన మా నాయన వడ్డీ మాట ఎత్తలేదు. రశీదు వ్రాసి ఇచ్చిరి, అన్నము పెట్టించి పంపిరి, పుస్తకమున జమ వేసిరి. మరునాడు ఆ సొమ్ముతో అమ్మకు గాజులు కొనబోయిరి. పదునేడేండ్లలో బంగారము ధర ఎక్కడికో పోయియుండెను. జత గాజుల మాట అటుండ, ఒక జత కమ్మలతో తిరిగివచ్చిరి. అమ్మ కమ్మలు పెట్టుకొని అద్దము చూచుకొని, “బ్యాంకువారి లెక్క బాగుంది” అన్నది. ఇరువురును చాలసేపు నవ్విరి.

ఆయన మనసును కలత పెట్టిన సంగతి ఒకటి 1990 నాటిది. ఆ సంవత్సరము కేంద్ర ప్రభుత్వము 10,000 రూపాయల వరకు వ్యవసాయ ఋణములను మాఫీ చేసినది. కరవుచే నిజముగా కూలిపోయిన రైతులకు అది ఊపిరి యని ఆయనకు తెలియును. ఎవరెవరి చేలు ఏ ఏట ఎండెనో ఆయనకు నోటికి వచ్చును. కాని ఆ వారమునందే ఒక రైతు వచ్చి బల్ల ఎదుట నిలిచెను. అంతకు ముందటి ఏట పాడియావును అమ్మి బాకీ పూర్తిగా తీర్చినవాడు.

“కట్టినోడు పిచ్చోడా సామీ?”

నాయన, “నీ ఖాతా శుభ్రంగా ఉంది, రేపు అవసరమైతే నీకే ముందు” అని చెప్పి పంపిరి. ఇంటికి వచ్చి అమ్మతో, “ఇవాళ నేను చెప్పిన జవాబు నాకే చాల్లేదు” అనిరి. తరువాత ఆ రైతును చూచినప్పుడెల్ల ఆయనయే ముందు పలకరించెడివారు. ఏదో అచ్చిరాని బాకీ ఉన్నట్లు ఆవు మాట అడిగెడివారు.

విశ్రాంతి తీసికొన్న తరువాత ఆయన బల్ల బ్యాంకునుండి మా ఇంటి పంచకు మారినది, అంతియే. కాగితములు పట్టుకొని జనము వచ్చుచునే ఉండెను. 2016 నవంబరు 8న పాత 500, 1,000 నోట్లు రద్దయినప్పుడు ముసలమ్మలు పప్పు డబ్బాలలో, పాత చీరమడతలలో దాచినవి తెచ్చిరి. ఆయనకు అప్పుడు 82 ఏండ్లు. వణకు చేతితో చలానులు పూరించి ఇచ్చిరి. ఆ సొమ్ముల సంగతి వారి కొడుకులకు తెలియదు. కొడుకులలో కొందరు తరువాత వచ్చి, “మా అమ్మ ఎంత దాచింది?” అని అడిగిరి. బ్యాంకు రహస్యమని నాయన గంభీరముగా చెప్పి పంపివేసిరి.

అంతకు కొంచెము ముందుగనే తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, బలసముద్రము, క్యాతగానచెర్లు గ్రామములలో సౌరవిద్యుత్తు కొరకు భూములను గుత్తకు తీసికొనుట మొదలైనది. సుమారు 13,000 ఎకరములు, 2,000 మెగావాట్ల తలపెట్టు. 2018 మార్చి 1న ప్రారంభోత్సవము జరిగినది. ఎకరమునకు సంవత్సరమునకు 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు పెంపు. పాత అలవాటున రైతులు ఆ ఒప్పందపు పత్రములను మా పంచకు తెచ్చిరి. నాయన కండ్లద్దములపై మరియొక అద్దము పట్టుకొని చదివిరి. వద్దని ఎవరికిని చెప్పలేదు. బోరుబావులు ఎండిన మెట్టచేను ఎకరమునకు 21,000 ఏనాడిచ్చినదో వారికే తెలియును. కాని పెంపు దగ్గర ఆగి, “రెండేండ్లకు 1,050 రూపాయలు పెరుగుతుంది. ఈ రెండేండ్లలో మీ ఇంట్లో బియ్యం, మందులు, బస్సు చార్జి ఎంత పెరిగిందో లెక్క వేసుకోండి, ఇరవై ఏండ్ల తరువాత ఈ సొమ్ముకు ఏమొస్తుందో దాన్నిబట్టి చూసుకోండి” అని చెప్పిరి. కొందరు లెక్క వేసికొనిరి, కొందరు నవ్విరి. దాదాపు అందరును సంతకములు చేసిరి. చేసినందుకు వారిని మేము తప్పుపట్టము.

భూమి లేని కూలివాడొకడు ఆ గుంపులో వెనుక కూర్చుండెను. తెచ్చుటకు అతనివద్ద కాగితమే లేదు. చేలలో కలుపు లేకపోయిన తరువాత తన సంగతి ఏమని అడిగెను. నాయన చేతిలోని పత్రమును మరియొకమారు మొదటినుండి తుదివరకు చూచి, “నీ పేరు దీంట్లో యాడా లేదప్పా” అనిరి. ఆ సాయంకాలము ఆయన ఎవరితోను మాటాడలేదు.

2017 ఏప్రిల్ 1న ఆయన బ్యాంకు స్టేటు బ్యాంకులో విలీనమైనది. నయాపైసలు వచ్చినదియు ఏప్రిల్ 1ననే, రిజర్వు బ్యాంకు పుట్టినదియు 1935 ఏప్రిల్ 1ననే. “మా వాండ్లకు ఏప్రిల్ ఒకటి తప్ప వేరే రోజు దొరకదు” అని నవ్విరి. మరునాడు పింఛను పుస్తకము తీసికొని బ్యాంకు వరకు నడచి, వీథికి ఆవలనుండి క్రొత్త పలకను కొంతసేపు చూచి, లోపలికి పోక తిరిగివచ్చిరి. పని ఏమియు లేకుండెనట. పుస్తకము వెంట ఎందుకు తీసికొనిపోయిరో మేము అడుగలేదు.

2019 మాఘమాసమున, రెండు దినముల జ్వరముతో, ఇంటనే కన్నుమూసిరి. వచ్చినవారిలో మేమెరుగని ముఖములు చాల. మడకశిర వైపునుండి, పెనుకొండ వైపునుండి, మధుగిరినుండి వచ్చిరి. కన్నడమున ఏడ్చినవారును, తెలుగున ఏడ్చినవారును ఉండిరి. ఒక నడివయసు మనిషి తనను ఎవరికిని పరిచయము చేసికొనక, పంచలోని బల్లను చేతితో తుడిచి పోయెను. మూడెకరముల మెట్ట ఇంకను తమ ఇంటనే ఉన్నదని వాకిట ఎవరితోనో అనుచుండగా మా అక్క విన్నది.

జమాఖర్చుల పుస్తకములు అరువదికి పైగా ఉన్నవి. చెదలు పట్టినవి కొన్ని పోయినవి. కడపటి పుస్తకమున ఆయన వ్రాసిన కడపటి వరుసలు పాలు, కరెంటు బిల్లు, మనుమరాలి పుట్టిన దినమునకు 101. దాని క్రింద పది దినముల ఖాళీ. ఆ తరువాతి పుటనుండి వ్రాత అమ్మది. అక్షరములు పెద్దవి, గీత దాటిపోవును. అంకెలు మాత్రము ఆయన వలెనే తెలుగు అంకెలు. మొన్నటి ఆషాఢమున వాన పడినప్పుడు జమ వైపున ‘వాన ఒక పదును’ అని వ్రాసి, ఎదుట గడి ఖాళీగా విడిచినది.